రెండు ఆఫ్ వైట్లలో ఏదో తేలట్లేదా? ముందు మీ టైల్స్ చూడండి

బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో హాలు గోడలకి రెండు ఆఫ్ వైట్ రంగులు అనుకున్నామని, ఒకదాంట్లో కాస్త పసుపు, ఇంకోదాంట్లో కాస్త బూడిద తొంగిచూస్తోందని, ఏది వేయించాలని అడిగారు కదా. నేల ఐవరీ టైల్స్ అన్నారు కాబట్టి నా ఓటు పసుపు ఛాయకే. బూడిద ఛాయ గోడ పక్కన ఐవరీ టైల్స్ ఎంత తుడిచినా మురికిగానే కనిపిస్తాయి. టైల్స్ ఇప్పుడు పీకించలేరు.

అయినా నా మాట పట్టుకుని వేయించేయకండి. చిన్న శాంపిల్ డబ్బాలు రెండు తెచ్చి, పెద్ద తెల్ల చార్టుల మీద రెండేసి కోట్లు వేయండి. పాత గోడ మీదే పూస్తే చుట్టూ ఉన్న రంగు కంటిని మోసం చేస్తుంది. రెండు చార్టుల్నీ పక్కపక్కన పెట్టకండి, ఉన్న తేడా నాలుగింతలై కనబడుతుంది. రేపు గోడ మీద ఉండేది ఒక్కటే కదా! ఒక్కోదాన్నీ విడిగా టైల్స్‌కి ఆనించి, గోడ గోడకీ మార్చి చూడండి.

మా కె.ఆర్.పురం ఇల్లు థర్టీ ఫార్టీ సైటు, అంటే ముప్పై అడుగులకి నలభై అడుగుల స్థలం. పక్కింటికీ మాకూ మధ్య ఒక మనిషి పట్టే సందు, వాళ్ల గోడేమో చిలకపచ్చ. ఎండ ఆ గోడ మీద పడిందంటే మా పడగ్గదిలో బూడిద ఛాయ చార్టు కాస్తా ఆకుపచ్చగా తిరిగేది. "ఇదేం రంగురా, ఆసుపత్రిలా ఉంది" అంది అమ్మ. పసుపు ఛాయది అక్కడే నిలబడింది. మీ కిటికీ ఎదురుగా ఏముందో కూడా ఓసారి చూసుకోండి.

ఉత్తరపు గదిలోకి ఎండే రాదనే సలహాలు చల్లటి దేశాలవాళ్లవి. బెంగళూరులో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు గదిలోనూ ఎండ వేళ చార్టు పెట్టి చూడండి.

ఆఫీసు నుంచి రాత్రి ఇల్లు చేరేవాళ్లయితే లైట్ల కింద చూడటమే ముఖ్యం. లైటు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు పోతుంది. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ కింద బూడిద ఛాయ నీలంగా పోతుంది, 3000 కెల్విన్ బల్బు కింద పసుపు ఛాయ మీగడ రంగుకి తిరుగుతుంది. అంత పసుపు వద్దనుకుంటే 4000 పెట్టుకోండి, మేం అదే పెట్టాం.

తేల్చుకున్నాక హాలుకి సరిపడా పెయింట్ ఒకేసారి కలిపించుకోండి. తర్వాత తెచ్చిన డబ్బాలో ఒక పిసరు తేడా వచ్చినా పెద్ద గోడ మీద దాగదు.