వియత్నాం బయల్దేరుతున్న మా బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

డిసెంబరులో నువ్వు ఒక్కదానివే వియత్నాం పోతున్నావని మీ నాయన ఫోన్ చేశాడు. "దీన్ని చెడగొట్టింది నువ్వేనక్కా" అని నామీద అరిచాడు కూడా. వాడి టెన్షన్ వాడిది. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. నేను కువైట్ పోయింది ఇంటి అప్పు తీర్చడానికి. ఊళ్లు చూడటానికని పోయింది రిటైరయ్యాకే. మన ఇంట్లో ఒక ఆడపిల్ల ఈ వయసులోనే కేవలం చూడాలనిపించి, తన డబ్బుతో దేశం దాటడం ఇదే మొదలు. ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది, విసుక్కోకుండా చదువు.

తేలికగా అయిపోయేవి ముందు చెప్తా. ఈ-వీసా వియత్నాం ప్రభుత్వ సైట్‌లో నువ్వే పెట్టుకో, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, మధ్యలో ఏజెంట్ అక్కర్లేదు. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఇంకో దాంట్లో వెనక, మరో దాంట్లో పొడి అక్షరంగా ఉంటాయి కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో వీసాలో, టికెట్‌లో అచ్చం అలాగే ఉండాలి. బ్యాంకు యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకో. ఇన్సూరెన్స్ తీసుకో. చెన్నైకి ముందురోజే చేరు. వాయుగుండం పట్టిందంటే గూడూరు దగ్గర రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయని నీకు నేను చెప్పాలా!

ఇక అసలు సంగతి పాస్‌పోర్ట్.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసరికి నేను అక్కడ నర్సుని. ఉదయగిరి వైపు అమ్మాయి ఒకామె ఒక ఇంట్లో పనికి ఉండేది. శుక్రవారం సెలవు దొరికితే మా గదికి వచ్చేది, చేపల పులుసు చేసి పెట్టమని మారాం చేసేది. తన పాస్‌పోర్ట్ ఇంటి యజమాని బీరువాలో పెట్టించింది. ఎవరూ లాక్కోలేదు, తనే ఇచ్చింది. "నా దగ్గరుంటే యాడన్నా పారేసుకుంటానక్కా, వాళ్ల దగ్గరే భద్రం" అనేది. జిరాక్స్ తీయించుకోమంటే నవ్వేది. ఆ ఎండాకాలం ఆ ఇంటివాళ్లు సెలవులకు వేరే దేశం పోయారు, యుద్ధం వచ్చింది, ఇంక తిరిగి రాలేదు. బీరువా తాళాలు వాళ్లతోనే పోయాయి.

మేమంతా బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు బయల్దేరుతుంటే ఆ పిల్ల బట్టల మూటతో వచ్చి నిలబడింది. చేతిలో కాగితం ముక్క లేదు. పాస్‌పోర్ట్ నంబరు చెప్పమంటే ఒక్క అంకె గుర్తులేదు. నిలబెట్టి ఏడిపించే ప్రశ్నలు ఎంతమంది వేశారో! మా బస్సు కదిలింది, ఆమె అక్కడే ఉండిపోయింది. ఆ ఏడాది దాదాపు 1,70,000 మంది మనవాళ్లను ఎక్కువగా అమ్మాన్ నుంచి విమానాల్లో దేశానికి చేర్చారు. నేను ముందు వచ్చాను. కావలిలో దిగిన వారానికే ఉదయగిరి పోయి వాళ్లమ్మకు సంగతి చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నా బిడ్డను ఆడే వదిలేసి వచ్చినావా అమ్మా?" అంది. బదులేమి చెప్తాను? మన అధికారులు ఇచ్చిన అత్యవసర కాగితం పట్టుకుని ఆ పిల్ల చాలా వారాలకు ఇల్లు చేరింది. ఎడారిలో గుడారాల్లో ఉండి, సగమై వచ్చింది.

వియత్నాంలో యుద్ధం లేదు కదత్తా అంటావు. లేదు. కానీ నీ పాస్‌పోర్ట్ అడిగేవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. విదేశీయుల వివరాలు పోలీసులకు పంపాలి కాబట్టి హోటల్‌లో దిగగానే అడుగుతారు. ఇవ్వు, స్కాన్ చేసేదాకా అక్కడే నిలబడు, తిరిగి తీసుకుని పైకి పో. "రేపు ఖాళీ చేసేటప్పుడు ఇస్తాం" అంటే మర్యాదగానే కుదరదని చెప్పు. స్కూటర్ అద్దెకిచ్చేవాళ్లయితే తాకట్టుగానే అడుగుతారు. బండి మీద లేని గీతలు చూపించి డబ్బు గుంజేవరకు ఇవ్వని దుకాణాలూ ఉన్నాయి. అసలు నువ్వు స్కూటర్ జోలికే పోవద్దు. మన దేశం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ దేశాల మధ్య 1949లో కుదిరిన రోడ్డు ఒప్పందం కిందది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కిందది, కాబట్టి మనది అక్కడ చెల్లదు. పడితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చేతులెత్తేస్తారు. పాస్‌పోర్ట్ నంబరు కంఠతా పట్టు. కాపీ ఒకటి పెట్టెలో, ఒకటి నా దగ్గర, ఒకటి మీ నాయన దగ్గర. పోతే ముందు పోలీసు రిపోర్టు, ఆ తర్వాత హనోయిలో మన ఎంబసీ, లేదా హోచిమిన్ సిటీలో మన కాన్సులేట్. పోలీసులకు 113, అంబులెన్సుకు 115.

రిటైరయ్యాక నేను అక్కడ ఒంటరిగా తిరిగాను కాబట్టి చెప్తున్నా, ఆడవాళ్లను వెంటపడి విసిగించే ఊళ్లు కావు. ఎక్కడ చూసినా ఆడవాళ్లే దుకాణాలు నడుపుతుంటారు, ఇబ్బందొస్తే వాళ్ల పక్కకు పోయి నిలబడు. హోచిమిన్ సిటీలో మాత్రం బైకుల మీద వచ్చి ఫోన్లు, సంచులు లాక్కుపోతారు. రోడ్డు అంచున నిలబడి మ్యాప్ చూడొద్దు, గోడ వైపుకు జరిగి చూసుకో. 20,000 డాంగ్, 500,000 డాంగ్ నోట్లు రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో తొందరపడి ఇచ్చేయొద్దు. పగటిపూట దిగే విమానమే చూసుకో. గ్రాబ్ యాప్‌లో బండి పిలిచి, నంబరు ప్లేటు కలిస్తేనే ఎక్కు. రాత్రి రైలయితే తలుపు గడియ పడే నాలుగు బెర్తుల పెట్టె తీసుకో. ఎవరన్నా "ఒక్కదానివేనా?" అంటే మా ఆయన హోటల్‌లో పడుకున్నాడని చెప్పు. ఆ అబద్ధానికి పాపం అంటదు.

హనోయిలో డిసెంబరు చలికి స్వెటర్ కావాలి, దక్షిణాన మాత్రం మన ఎండే. ప్యాడ్లు, నీకు పడే మాత్రలు ఇక్కడినుంచే తీసుకుపో. తిండికి బెంగలేదు, చింతపండు వేసి చేపల పులుసు కాస్తారు వాళ్లు, కాన్ చువా అని అడుగు. పప్పుల పొడి పెట్టుకో. ఎండు కొబ్బరి చిప్పలు మాత్రం వద్దు, విమానంలో తీసుకుపోనివ్వరు.

ఒక్క విషయంలో తిట్టక తప్పదు. పోయిన ఏడాది ఊటీలో ఉన్న గది కిటికీ దగ్గర్నుంచి హోటల్ పేరుతో సహా ఫోటో పెట్టావు. ఊరు వదిలాక పెట్టుకో తల్లీ, ఎన్నైనా పెట్టుకో, మొదటి లైకు నాదే. ఏ ఊళ్లో ఉన్నావో లోకానికి కాదు, నాకు చెప్పు. రాత్రి గది తలుపు వేసుకోగానే "వేశా" అని ఒక్క మెసేజ్ చాలు. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

ఆదివారం ఒంగోలు వస్తున్నా. మీ నాయనతో నేను మాట్లాడతా, నువ్వు నోరెత్తకు. వీసా, టికెట్ కాపీలు తీసి సిద్ధంగా పెట్టు, పేర్లు నేనోసారి సరిచూడాలి.

ప్రేమతో,
మీ అత్త
కావలి