ఇంగ్లండ్‌లో పుట్టిన పూర్వీకుడి తండ్రి ఎవరో తెలియకపోతే జనన రికార్డు ఎలా వెతకాలి?

తల్లి పెళ్లికి ముందు ఇంటిపేరుతో వెతకాలి. పెళ్లికాని తల్లి బిడ్డను మామూలుగా ఆ పేరు కిందే నమోదు చేసేవారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వ జనన నమోదు 1837 జూలైలో మొదలైంది. 1875 నుంచి, తల్లిదండ్రులకు పెళ్లి కాకపోతే, తండ్రి కూడా వచ్చి తల్లితో పాటు సంతకం పెడితేనే అతని పేరు రాసేవారు. లేదంటే ఆ గడి ఖాళీయే.

ఉదాహరణకు, 1880లో మేరీ క్లార్క్‌కు జాన్ పుట్టాడనుకుందాం. తర్వాత ఆమె హిల్ అనే అతన్ని పెళ్లాడితే, 1891 జనాభా లెక్కల్లో పిల్లవాడు జాన్ హిల్‌గా కనిపించవచ్చు. జనన రికార్డు మాత్రం క్లార్క్ కిందే ఉంటుంది. చాలామంది హిల్ అని వెతికి, అసలు నమోదే కాలేదనుకుంటారు.

పెళ్లి సర్టిఫికెట్‌లోని తండ్రి పేరునూ గుడ్డిగా నమ్మకూడదు. వరుడు చెప్పిందే రాసేవారు. అది మారుతండ్రి పేరో, పరువు కోసం కల్పించిందో కావచ్చు.