ముందు ఏ ఆకారమో తేల్చుకో

ప్రియమైన మిత్రమా,

సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్ల (నిరోధం లేకుండా కరెంటు పారే సర్క్యూట్ల) టోపాలజీ (సాగదీసినా వంచినా మారని ఆకార లక్షణాల శాస్త్రం) మీద నువ్వు రాసిన చిత్తుప్రతి అందింది. కప్పు డోనట్‌గా మారే పోలిక తీసెయ్. అది చదివితే చిప్ మీది అల్యూమినియం గీతలకే ఏదో వింత ఆకారం ఉందనిపిస్తుంది. ఇక్కడ ఆకారం చిప్‌ది కాదు, మనం తిప్పే నాబ్‌ల విలువలన్నీ కలిసి ఏర్పడే స్థలానిది. ఈ మాట రెండో పేరా దాటకముందే చెప్పాలి.

ఆ స్థలాన్ని చూపించు. ద్వీపం (సర్క్యూట్‌లో విడిగా ఉన్న లోహపు ముక్క) మీది ఆఫ్‌సెట్ చార్జి (బయటి వోల్టేజితో మార్చే చార్జి) ఒక కూపర్ జంటంత (రెండు ఎలక్ట్రాన్లంత) మారితే స్థితులు మొదటికొస్తాయి. లూప్‌లోని ఫ్లక్స్ (అయస్కాంత అభివాహం) 2.07×10⁻¹⁵ వెబర్ మారినా అంతే. అంటే ఒక్కో నాబ్ ఒక వలయం. రెండు వలయాలు కలిస్తే టోరస్ (డోనట్ ఉపరితలం). అయితే దీనికి ట్రాన్స్‌మాన్ అనే సూపర్‌కండక్టింగ్ క్యూబిట్‌ను (క్వాంటమ్ బిట్‌ను) ఉదాహరణగా తెచ్చావు, అక్కడే పొరపాటు. దాని జోసెఫ్‌సన్ శక్తి (కూపర్ జంటలు సన్నటి అవరోధం దాటడానికి సంబంధించిన శక్తి) చార్జింగ్ శక్తికి (ద్వీపానికి చార్జి చేర్చడానికి పట్టే శక్తికి) 50 రెట్లుంటే చార్జి ప్రభావం దాదాపు మాయమవుతుంది, చార్జి నాబ్ తిప్పినా కనిపించేది ఏమీ ఉండదు.

ట్రాన్స్‌మాన్‌తోనే చెప్పాలంటే గోళం ఎంచుకో. మైక్రోవేవ్ డీట్యూనింగ్ (మైక్రోవేవ్‌కూ క్యూబిట్‌కూ పౌనఃపున్యంలో తేడా), డ్రైవ్ (క్యూబిట్‌ను నడిపే ఆ మైక్రోవేవ్) బలం, దాని ఫేజ్: ఈ మూడే అక్షాలు. డీట్యూనింగ్, డ్రైవ్ రెండూ సున్నా అయిన బిందువు దగ్గర రెండు శక్తి స్థాయిలు కలిసిపోతాయి. టోపాలజీ చెప్పే పూర్ణాంకం, అంటే చెర్న్ సంఖ్య, పుట్టేది అక్కడే. ఆ బిందువు గోళం లోపలుంటే చెర్న్ సంఖ్య 1, స్థిర డీట్యూనింగ్ కలిపి గోళాన్ని డీట్యూనింగ్ అక్షం వెంట జరిపితే, బిందువు బయటపడగానే 0. 2014లో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లతో దీన్ని కొలిచి చూపించారు.

కొలిచే పద్ధతికి మాత్రం చోటు ఎక్కువివ్వు. క్యూబిట్‌ను ఆ గోళం ఉత్తర ధ్రువం దగ్గర భూస్థితిలో (అతి తక్కువ శక్తి స్థితిలో) ఉంచి, ఒక రేఖాంశం వెంట స్థిర వేగంతో దక్షిణ ధ్రువానికి నడిపిస్తారు. దారిలో వేర్వేరు క్షణాల్లో ఆపి, రేఖాంశ తలానికి లంబంగా ఎంత పక్కకు జారిందో చూస్తారు. ఆ జారుడు, నడిపే వేగానికీ, బెర్రీ వక్రతకూ (నాబ్‌లు తిప్పుతుంటే స్థితి ఎంత మెలిపడుతుందో చెప్పే కొలతకూ) అనుపాతంలో ఉంటుంది. కాబట్టి వేగంతో భాగించి, డ్రైవ్ బలంతో తూచి, దారి పొడవునా కూడితే చెర్న్ సంఖ్య వస్తుంది. గోళం ఫేజ్ దిశలో సౌష్ఠవంగా ఉంటుంది కనుక ఒక్క రేఖాంశం చాలు.

వేగం దగ్గరే తేడా వస్తుంది. రెండు శక్తి స్థాయిల అంతరం 10 మెగాహెర్ట్జ్ అయితే ఒక ఆవర్తనం 100 నానోసెకన్లు. ర్యాంప్ (ధ్రువం నుంచి ధ్రువానికి నడక) 200 నానోసెకన్లలో ముగిస్తే స్థితి ఊగిసలాడి అనుపాతం చెడుతుంది. పదుల మైక్రోసెకన్లు లాగితే రిలాక్సేషన్ (క్యూబిట్ శక్తి కోల్పోవడం) సంకేతాన్ని తినేస్తుంది. ఇక 1 నుంచి 0కి మారే చోట ధ్రువం దగ్గర అంతరమే సున్నా అవుతుంది, ఏ వేగమూ చాలదు. అందుకే గ్రాఫులో మెట్టు అంచు గుండ్రంగా ఉంటుంది. దాన్ని నిటారుగా గీయకు.

'టోపలాజికల్ కాబట్టి క్యూబిట్ ఎక్కువసేపు నిలుస్తుంది' అన్న వాక్యం కొట్టెయ్. ఇక్కడ పూర్ణాంకం కొలుస్తున్నామంతే, కోహెరెన్స్ (క్వాంటమ్ స్థితి చెదరకుండా నిలిచే కాలం) పెరగదు. టోపలాజికల్ క్యూబిట్ కథ వేరు.

దోషాల పేరా ఇంకా రాయలేదు కదా, ఈ లెక్క వాడుకో: డ్రైవ్, డీట్యూనింగ్ రెండూ గరిష్ఠంగా 10 మెగాహెర్ట్జ్, ర్యాంప్ 1 మైక్రోసెకను అయితే జారుడు 0.05 మాత్రమే. రీడౌట్‌లో (స్థితిని చదవడంలో) 0.01 స్థిర దోషం ఉన్నా చెర్న్ సంఖ్య 0.2 తప్పుతుంది. డ్రైవ్ ఫేజ్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిస్తే జారుడు గుర్తు మారుతుంది, దోషం మారదు. రెండు కొలతల తేడాలో సగం తీసుకుంటే అది కొట్టుకుపోతుంది.