స్కూల్ ‘గ్లోబల్’ అవుతోందట, పాపని అక్కడే ఉంచాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వస్తోంది. వచ్చే ఏడాది నుంచి గ్లోబల్ కరిక్యులమ్ అంటున్నారు, ఫీజు పెంచారు. తన భవిష్యత్తుకి నిజంగా లాభమేనా?

జవాబు: అమ్మా, ఆ మాట వెనక ఏ బోర్డు ఉందో ముందు అడగండి. పేరులో ‘ఇంటర్నేషనల్’ ఉన్నంత మాత్రాన అంతర్జాతీయ బోర్డు గుర్తింపు ఉన్నట్టు కాదు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ బోర్డు) అంటే గనక, గుర్తింపు వచ్చేసిందా, ఇంకా ‘క్యాండిడేట్’ దశలోనే, అంటే గుర్తింపు కోసం ప్రయత్నిస్తున్న దశలోనే ఉందా అన్నది ఐబీ వెబ్‌సైట్‌లో స్కూలు పేరు వెతికితే తెలిసిపోతుంది. క్యాండిడేట్ స్కూలుకి గుర్తింపు వచ్చి తీరుతుందన్న హామీ లేదు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది, క్లాసులో ఏం మారుతుందన్నది. చాలా స్కూళ్ళు జెండాలు, వేషాలు, ఏడాదికో వీడియో కాల్‌తో సరిపెడతాయి. మర్నాటి పాఠం మళ్ళీ మామూలే. ఒకప్పుడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీల నుంచి 2006లో రెండు దేశాల హైస్కూలు పిల్లలకీ ఉమ్మడి చరిత్ర పుస్తకం వచ్చింది. మీ స్కూలు అంత దూరం వెళ్ళక్కర్లేదు. ఒకే యుద్ధం మీద రెండు దేశాల పాఠాలు పక్కపక్కన పెట్టి, ‘ఇందులో ఎవరి మాట రాయలేదు?’ అని టీచరు అడిగితే చాలు. పలు దేశాల పిల్లలకి పెట్టే ‘పీసా’ అనే అంతర్జాతీయ పరీక్షలో భాగంగా 2018లో పదిహేనేళ్ళ పిల్లలకి ‘గ్లోబల్ కాంపిటెన్స్’ పేరుతో పెట్టిన పరీక్ష చూసింది కూడా ఇలాంటి నేర్పునే. కాబట్టి ఒక పిల్లవాడి ప్రాజెక్టు, దాని మీద టీచరు రాసిన వ్యాఖ్యలు చూపించమనండి. టీచర్లకి ఏం శిక్షణ ఇచ్చారో కూడా అడగండి. పుస్తకాలు మార్చి టీచర్లని గాలికొదిలేస్తే నష్టపోయేది పిల్లలే.

ఇంగ్లిష్ కోసం ఇంటి భాషని పక్కకి నెట్టే స్కూలుని మాత్రం నేను నమ్మను. ఐబీ డిప్లొమాలోనే (స్కూల్లో చివరి రెండేళ్ళ ఐబీ కోర్సు) విద్యార్థి తనకి బాగా వచ్చిన భాషలో సాహిత్యం చదవొచ్చు, దాంతోపాటు రెండో భాష తప్పనిసరి.

ఇక కెరీర్ సంగతి. డిప్లొమాలో రాయాల్సిన 4,000 పదాల పరిశోధన వ్యాసం లాంటివి కాలేజీలో బాగా అక్కరకొస్తాయి. అయినా ఇంజినీరింగ్‌కో, మెడిసిన్‌కో సీటు రావాలంటే చివరి రెండేళ్ళలో తీసుకునే మ్యాథ్స్, సైన్స్ ఏ స్థాయివన్నది కీలకం. పాపకి ఇష్టమున్న రెండు మూడు కోర్సుల అడ్మిషన్ నిబంధనలు ఇప్పుడే చదవండి. ఆ సబ్జెక్టులు ఆ స్థాయిలో చెబుతారో లేదో స్కూలుని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే ఫీజు కట్టండి.