జీతాల లెక్క ఎందుకు కలవడం లేదంటే

రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో అన్ని శాఖల్లో 010 పద్దు, అంటే ఉద్యోగుల జీతాల పద్దు, కూడితే వచ్చిన మొత్తం, పేపర్లో 'జీతాలు, పింఛన్లు' అని వేసిన అంకె కంటే చాలా తక్కువగా ఉందన్నారు కదా, మీ కూడికలో తప్పు ఉండకపోవచ్చు. పింఛన్లు 2071 మేజర్ హెడ్ (పెద్ద పద్దు) కింద విడిగా ఉంటాయి, ముందు అది కలపండి. అసలు చిక్కు గ్రాంట్ ఇన్ ఎయిడ్‌తో, అంటే ప్రభుత్వం సంస్థలకు సాయంగా ఇచ్చే డబ్బుతో. యూనివర్సిటీలు, ఎయిడెడ్ కాలేజీలు, సొసైటీల కింద నడిచే సంస్థల సిబ్బందికి వెళ్లే డబ్బు జీతమే అయినా పుస్తకంలో గ్రాంటుగా కనిపిస్తుంది, మోడల్ స్కూల్ టీచర్లు 010 కింద జీతాలివ్వమని అంతగా అడిగింది ఈ తేడా వల్లే. ఔట్‌సోర్సింగ్ వాళ్లది ఇంకో పద్దు.

ఇంకో మాట, 2025-26 బడ్జెట్ పుస్తకంలో నిజంగా ఖర్చయిన లెక్క 2023-24 కాలమ్‌లోదే, మిగతావి అంచనాలు. రెండూ కలిపి పోల్చకండి.

బకాయి డీఏ (కరువు భత్యం) మాత్రం ఇందులో వెతకొద్దు. ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో రాస్తారు కాబట్టి చెల్లించనిది ఖర్చు కింద రాదు, ఉద్యోగికి రావాల్సింది ఎంత ఉన్నా సరే, జీతాల బిల్లు అదుపులో ఉన్నట్టే కనిపిస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే. పాత సంవత్సరాలకైతే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్స్‌లో జీతాల అనుబంధం ఉంటుంది, దాంతో సరిచూసుకోండి.