చలికాలంలో ఇంటిల్లిపాది ఆరోగ్యం గురించి మేనకోడలికి

చిత్తూరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి నీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

పాపకు నెల తిరక్కుండానే మళ్లీ జలుబు చేసిందని, రోగనిరోధక శక్తి పెంచే పొడి ఏదైనా ఉంటే చెప్పమని అడిగావు. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లోనే గడిపినదాన్ని కనుక నిర్మొహమాటంగా చెబుతున్నాను, ఆ శక్తి డబ్బాల్లో దొరకదు. బడిలో కొత్తగా చేరిన పసిపిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. అంతమాత్రాన బిడ్డ బలహీనంగా ఉందని బెంగపడవద్దు.

ముందుగా ఇంట్లో అందరికీ ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) టీకా వేయించు. ఆ వైరస్ తన రూపాన్ని మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. వేయించిన తరువాత రక్షణ కలగడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. వైకుంఠ ఏకాదశికి తిరుమల కొండకు వెళ్లే బంధువులంతా ముందు మీ ఇంట్లోనే దిగుతారు; వారు వచ్చేలోగా పని ముగియాలంటే కార్తీకం దాటకుండానే డాక్టరును కలవండి. పాపకు ఇదే మొదటిసారి గనుక 4 వారాల ఎడంతో 2 డోసులు పడతాయి. మీ అత్తగారికి 65 దాటాయి కదా, న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా గురించి కూడా అడుగు.

తిండి విషయంలో మన ప్రాంతంవాళ్లకు చలికాలమే మంచి కాలం. అనపకాయలు సంతకు వచ్చేది ఇప్పుడే. గింజలను రాత్రి నానబెట్టి, తెల్లవారి ఒక్కొక్కటిగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పొట్టు చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పాపను పక్కన కూర్చోబెట్టుకుంటే ఆటలా చేస్తుంది, తాను పితికిన పప్పని ఇష్టంగా తింటుంది కూడా. రోగాలతో పోరాడే కణాలకూ ప్రతిరక్షకాలకూ (యాంటీబాడీలకూ) మాంసకృత్తులే ముడిసరుకు కాబట్టి, రాగి సంగటిలోకి పితికిపప్పు కూర గానీ, ఉలవచారు గానీ, గుడ్డు గానీ ఏదో ఒకటి ఉండేలా చూడు. విటమిన్ సి కోసం మాత్రలు కొనవద్దు, ఉసిరికాయలు దండిగా దొరుకుతున్నాయి. ఉడికిస్తే ఆ విటమిన్ కొంత పోతుంది కనుక పచ్చివే తురిమి పెరుగులో కలుపు. ఉసిరి తింటే జలుబే రాదని మాత్రం అనుకోకు.

మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తుంది, అంతకు మించి ఆశించకు. పాపకు మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పట్టవద్దు. ఆ గిన్నె ఒలికి కాలిన పిల్లలను వార్డులో చూశాను.

నవంబరు వానలకు తిరుపతిలో తలుపులన్నీ బిగించుకుని కూర్చోవడం నాకు తెలుసు. చలిగాలి తగిలి జలుబు చేస్తుందని మీ అత్తగారు కిటికీలు మూయిస్తారు గానీ, మూసిన గదిలో ఒకరు దగ్గితే ఆ గాలినే అందరూ పీలుస్తారు. క్షయకు మందులు లేని రోజుల్లో, 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో తెరిచిన ఆసుపత్రిలో ధారాళమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి చికిత్సలో ముఖ్యభాగంగా ఉండేవి. పెద్దావిడకు స్వెట్టరు, కాళ్లకు మేజోళ్లు వేయించి, ఎదురెదురు కిటికీలు రెండు కాసేపైనా తెరిచి ఉంచు. దోమల చుట్టల పొగ పాప పడుకునే గదిలో వద్దు, దోమతెర కట్టు. భోగి మంటలో పాత టైర్లు వేయనివ్వకు. ఎండ కాసిన రోజున, అద్దం వెనక కాకుండా మేడమీద, పదకొండు దాటాక ఓ పావుగంట చేతులూ కాళ్లూ ఎండకు పెట్టండి. విటమిన్ డి విషయంలో లేత ఎండ కన్నా అదే నయం.

ధనుర్మాసపు పూజకు తెల్లవారుజామునే లేస్తావు, రాత్రి పదకొండు దాకా ఫోను చూస్తావు. ఈ రెండూ కుదరవమ్మా. ఏడు గంటల నిద్ర తక్కువైతే ఒంట్లో రోగాలను కాచుకునే శక్తి తగ్గుతుంది. పాప కనీసం పది గంటలు పడుకోవాలి. బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించు.

మామూలు జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు, మందుల షాపులో అడిగి తెచ్చి వేయకు. జ్వరం మూడు రోజులు దాటినా, పాప డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, నీళ్లు కూడా తాగకుండా మగతగా పడుకున్నా, మీ అత్తగారికి ఆయాసం వచ్చినా, కషాయాలు కాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపో. మొదటి డోసు వేయించిన రోజునే రెండో డోసు తేదీని క్యాలెండరులో రాసి పెట్టు.

ఇట్లు,
నీ మేనత్త