టీమ్ వదిలి వెళ్ళినవాళ్ళ మీద అభిమానులకు కోపం ఎప్పటికైనా పోతుందా?

పోతుంది, కానీ అందరి మీదా ఒకేలా పోదు. నాకైతే ఒకరి మీద ఇంకా కాస్త మిగిలే ఉంది. ఇంకొకరి విషయంలో కోపం పోయి, అసలెందుకు కోప్పడ్డానా అన్న బాధ మిగిలింది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇంటర్ రోజుల నుంచి లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ అభిమానిని. 2011-12లో మా కెప్టెన్ వాన్ పెర్సీ ఒక్క ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లోనే 30 గోల్స్ కొట్టాడు. ఆ ఏడాదే బీసెంట్ రోడ్డులో బేరమాడి అతని పది నంబరు జెర్సీ కొనుక్కున్నాను. ఉతకడం, ఆరేయడం, మళ్ళీ అదే వేసుకోవడం. 2012 ఆగస్టులో అతను వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు ఉన్నవాడు, వెళ్ళి వెళ్ళి మా ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్‌కే! “ఎలాగూ వేసుకోవట్లేదుగా, మసిగుడ్డ చేసుకోనా?” అని అమ్మ అడిగింది. వద్దని లాక్కుని అటక మీద పెట్టాను.

2013 ఏప్రిల్ 28 రాత్రి ఇంకా కష్టంగా గడిచింది. అప్పటికే లీగ్ గెలిచేసిన యునైటెడ్ మా మైదానానికి వస్తే, ఆనవాయితీగా మావాళ్ళు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టాలి. ఆ వరసల మధ్య నుంచి అతనూ నడిచొచ్చాడు. పెనాల్టీ గోల్ కూడా అతనే కొట్టాడు. మ్యాచ్ 1-1. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అలాగని వెళ్ళిన ప్రతివాణ్ణీ తిట్టుకోలేదు. మా స్టార్ ఆటగాడు హెన్రీ 2007లో స్పెయిన్ క్లబ్ బార్సిలోనాకి వెళ్ళాడు, 2011లో స్టేడియం బయట అతనికి విగ్రహం పెట్టారు. 2012 జనవరిలో లోన్ మీద, అంటే కొద్దికాలానికి, తిరిగొచ్చి లీడ్స్ మీద గోల్ కొట్టినప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఇంట్లోవాళ్ళు లేస్తారని దిండు నోట్లో కుక్కుకుని అరిచాను.

నాకు బాధ మిగిల్చింది మా కోచ్ ఆర్సెన్ వెంగర్. 2006లో కట్టిన కొత్త స్టేడియం అప్పుల వల్ల మంచి ఆటగాళ్ళను అమ్ముకుంటూ కూడా ఏటా యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌కి చేర్చాడాయన. 2017లో అది తప్పింది. అంతే, వాట్సాప్ గ్రూపులో “ఈయన పోతేనే బాగుపడతాం” అని రోజూ రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2018 మే 6న, 22 ఏళ్ళ తర్వాత, మా మైదానంలో ఆయన చివరి మ్యాచ్. బర్న్‌లీ మీద 5-0. స్టేడియమంతా “మెర్సీ ఆర్సెన్” (ఫ్రెంచ్‌లో ‘థాంక్యూ ఆర్సెన్’) అని రాసిన ఎర్ర టీషర్టులు. లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని 2003-04 సీజన్ గుర్తుగా బంగారు ట్రోఫీ చేతికిచ్చారు. పాస్‌లో అందం ఉంటుందని నేను తెలుసుకున్నదే ఆయన టీమ్‌ను చూసి. ఆ మనిషిని పొమ్మన్నాను! ఆ తర్వాత వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానంలో ఉన్నప్పుడు గ్రూపులో ఒక్కడూ మాట్లాడలేదు. 2023లో ఆయన విగ్రహం ఫొటో వస్తే పాత మెసేజ్‌లు వెతికి నావన్నీ తీసేశాను.

అందుకే హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిపించిన కోచ్ మనోలో మార్కెజ్ మరుసటి ఏడాది ఎఫ్‌సీ గోవాకి వెళ్తే, ఒక్క మాట అనలేదు.

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ఆ జెర్సీ బయటపడింది. మా అక్క కొడుకు వేసుకుని “మామయ్యా, ఈ పెర్సీ ఎవరు?” అన్నాడు. 2006లో చార్ల్‌టన్ మీద గాల్లోకి ఎగిరి, బంతి నేల తాకకముందే కొట్టిన వాలీ గోల్ చూపించాను. నాలుగుసార్లు చూశాడు. యునైటెడ్ సంగతి మాత్రం వాడికి ఇంకా చెప్పలేదు.